గొంతు ఉన్నన్నాళ్ళు

ఆ ఏడు రంజాన్ నెల సగం గడిచాక, మా అమ్మకి గొంతు తీసేయాలని డాక్టరు చెప్పాడు.

"గొంతంటే మొత్తం కాదు, మాట పుట్టే భాగం," అంటూ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. గడ్డ సరిగ్గా అక్కడే ఉంది. పండగ దాటగానే ఆపరేషన్. ఆ తర్వాత ఊపిరి మెడ దగ్గర పెట్టే చిన్న రంధ్రంలోంచి ఆడుతుంది. ప్రాణానికి భయం ఉండకపోవచ్చు. మాట మాత్రం ఉండదు.

నాన్న కుర్చీ అంచు పట్టుకుని నేల చూస్తూ ఉండిపోయాడు. అడగాల్సినవన్నీ అమ్మే అడిగింది. అన్నం మింగగలనా, పనిలోకి పోవచ్చా, ఉపవాసాలు ఉండొచ్చా? మింగుడు పడుతున్నంత కాలం ఉండొచ్చని, నీరసం అనిపించిన రోజు మానేయాలని ఆయన ఓపికగా చెప్పాడు.

"అప్పటిదాకా గొంతుకి విశ్రాంతి ఇవ్వాలా డాక్టరు గారూ?"

"విశ్రాంతి ఇచ్చి మిగుల్చుకునేదేం లేదమ్మా. ఉన్నన్నాళ్ళు వాడుకోండి."

అమ్మ నవ్వింది. "అయితే మా ఇంట్లోవాళ్ళకి మూడినట్టే," అంది.

రేవు పక్కనున్న చేపల మార్కెట్లో అమ్మ వేలంపాట పాడేది. తెల్లారగట్ల పడవలు రాగానే తడి గచ్చు మీద గంపలు వరుసగా పెట్టేవాళ్ళు. అమ్మ ఒక బోర్లించిన పెట్టె ఎక్కి నిలబడి, చీర కొంగు నడుముకు దోపుకుని మొదలుపెడితే, ఐసు కొట్టే చప్పుడూ, లారీల హారన్లూ, బేరగాళ్ళ తగువులూ అన్నీ ఆ గొంతు కిందకి పోయేవి. మైకు అక్కర్లేని మనిషి కాబట్టి ఆమెకి మైకు అనే పేరే పడిపోయింది. "మైకు వచ్చిందా?" "మైకు ఇవాళ కోపంగా ఉంది." ఆ గొంతు బొంగురుపోయి నెలలు గడుస్తున్నా మేమెవరం పట్టించుకోలేదు. అరిచే మనిషికి బొంగురు కాక ఇంకేం వస్తుందనుకున్నాం.

ఇంట్లో కూడా ఆ గొంతుతో పెద్ద అవసరమే ఉంది. మా నాన్నమ్మకి చెవుడు. కన్నకొడుకు చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా "గొణక్కుండా చెప్పరా" అనేది. నేను మాట్లాడితే నా పెదవులు చూసి తల అడ్డంగా ఊపేది. అమ్మ మాట ఒక్కటే ఆమెకి చేరేది. అమ్మ వంటింట్లోంచి "అత్తయ్యా, మాత్ర వేసుకున్నారా?" అంటే, పెరట్లోంచి "వేసుకున్నానే, నా ప్రాణం తియ్యకు!" అని జవాబొచ్చేది. ఇద్దరూ పొద్దున లేస్తే పోట్లాటే. ఆ పోట్లాట ఆగితే మాకు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

అందుకే ఆపరేషన్ సంగతి నాన్నమ్మకి అమ్మే చెప్పాల్సి వచ్చింది. ఇంకెవరు చెప్పినా వినపడదు కదా.

"అత్తయ్యా, పండగయ్యాక నాకిక మాట రాదు. కోసి తీసేస్తారంట."

నాన్నమ్మ చేతిలో ఉన్న బట్టల మడత ఆపకుండానే, "మంచిదే. నా చెవులు చల్లబడతాయి," అంది. అమ్మ నవ్వేసింది. కానీ ఆ సాయంత్రం ఉపవాసం విడిచే వేళ నాన్నమ్మ ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, ఇంకేమీ ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పళ్ళేలు కడుగుతూ అమ్మ మాతో చెప్పింది. "ఈసారి ఆఖరి పది రోజులూ నేను ఇతికాఫ్ కూర్చుంటా."

నేను ఉలిక్కిపడ్డాను. ఇతికాఫ్ అంటే లోకం పనులన్నీ పక్కనబెట్టి, దేవుడి ధ్యాసలో ఒకేచోట ఉండిపోవడం. మగవాళ్ళు మసీదులో కూర్చుంటారు, ఆడవాళ్ళు ఇంట్లోనే ఒక మూల చూసుకుంటారు. కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికీ, పెరటి అవసరాలకీ తప్ప ఆ చోటు వదలకూడదు. అమ్మ లాంటి మనిషి ఆ పని చేస్తుందని ఎవరూ కలలో కూడా అనుకోరు. నమాజు ఏ పూటా తప్పేది కాదు గానీ, పొయ్యి మీద ఎసరు పొంగేలోగా పూర్తి చేసేది. ఒక గంట కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నాన్నా, నువ్వైనా చెప్పు," అన్నాను.

నాన్న ఐసు లారీ నడుపుతాడు. రోజంతా గడ్డ కట్టిన వస్తువుతో ఉండీ ఉండీ ఆయన మాటలు కూడా గడ్డ కట్టాయని అమ్మ వేళాకోళం చేసేది. "దాని ఇష్టం," అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. "ఉన్న నాలుగు మాటలూ మాతో మాట్లాడకుండా గోడకి చెప్పుకుంటావా?"

"గోడకి కాదే," అంది అమ్మ. అంతకంటే ఏమీ అనలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. మాటకి పది మాటలు అనే మనిషి.

నేను ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాను. "పోనీ, దీంట్లో నన్ను ఒకసారి పిలువు. తిట్టు, ఏదో ఒకటి అను. దాచుకుంటా."

"పక్కనే ఉన్నదాన్ని ఫోన్లో పిలవడమేంటే! పో, గిన్నెలు బోర్లించు."

అమ్మ లోపలికి వెళ్ళాల్సిన రోజు పొద్దున నేనూ మార్కెట్‌కి వెళ్ళాను. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు ఆలస్యంగా తెరుస్తారు. ఆ రోజు అమ్మ గొంతు గరగరలాడుతూ, మధ్యమధ్యలో తెగిపోతూ ఉంది. అయినా గంప తర్వాత గంప పాడింది. ఆఖరి గంప అయ్యాక పెట్టె దిగి, ఆ పెట్టెని తిప్పి, దులిపి, తన తర్వాత పాట పాడబోయే ఆవిడకి ఇచ్చింది. చేపలు కోసే ఆడవాళ్ళు కత్తులు ఆపి చూస్తూ ఉండిపోయారు. అమ్మ బావి దగ్గర చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, వాసన చూసుకుని, మూడోసారి కడుక్కుంది.

పొద్దు గూకక ముందే మధ్య గదిలో కిటికీ పక్క మూలకి నాన్న తాడు కట్టాడు. దాని మీద పాత దుప్పటి ఒకటి వేలాడదీశాం. లోపల చాప, నమాజు గుడ్డ, చెక్క పీట మీద ఖురాన్, ఒక చెంబు. అమ్మ కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళింది. దుప్పటి కాసేపు ఊగి ఆగింది.

ఇల్లు ఒక్కసారి అనాథలా అయిపోయింది. నేను అన్నం మాడ్చాను. నాన్న ఉప్పు డబ్బా అనుకుని చక్కెర డబ్బా తెచ్చాడు. నాన్నమ్మ రోజుకి పదిసార్లు ఆ దుప్పటి దాకా వెళ్ళి, తిట్టడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని వచ్చేది. తిట్టినా పోట్లాటకి దిగేవాళ్ళు లేరని తెలిసి కాబోలు.

లోపల్నుంచి చదువు వినపడేది. మొదట్లో వినడానికే కష్టంగా ఉండేది. రేవులో గుక్క తిప్పుకోకుండా ధర మీద ధర పేర్చే నాలుక, అక్కడ ఒక్కో అక్షరం దగ్గరా తడబడేది. చిన్నప్పుడు సగంలో ఆగిన చదువు. ఒక మాట చదివి, తప్పనిపించి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు వచ్చి, ఆగి ఊపిరి తీసుకుని, మళ్ళీ. చీకట్లో మెట్లు తడుముకుంటూ ఎక్కే మనిషిలా ఉండేది. ఒక చిన్న వాక్యం దగ్గర ఒక పూటంతా ఉండిపోయిన రోజూ ఉంది. నేను మనసులో ఆ మాట అందించేదాన్ని. ఆమె ఎప్పుడో అందుకునేది. అందుకున్నాక దాన్ని వదలబుద్ధి కానట్టు మళ్ళీ మళ్ళీ చదివేది.

రోజులు గడిచేకొద్దీ రెండు సంగతులు జరిగాయి. గొంతు తగ్గుతూ వచ్చింది. చదువు సాఫీ అవుతూ వచ్చింది. చివరికి అది గొంతులా లేదు. కాగితం మీద కాగితం జారినట్టు, అంత సన్నగా, అంత నిదానంగా ఉండేది. కానీ అక్షరం ఎక్కడా విరగడం లేదు.

ఒక మధ్యాహ్నం మార్కెట్ ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. వీధి మొదట్లోనే వాళ్ళ కేకలు వినపడ్డాయి. పెద్ద పడవ ఒకటి వచ్చిందట. కొత్తావిడ పాట సరిగా పాడలేక గొడవైందట. ఇద్దరు బేరగాళ్ళు కొట్టుకున్నారట.

"మైకు ఒక్క పూట వచ్చి నిలబడితే చాలు. ఏదమ్మా మీ అమ్మ?"

నేను వేలితో దుప్పటి చూపించాను. అందరికంటే ముందున్న చేపలు కోసే ఆవిడ, చేతిలో చెప్పులతోనే రెండడుగులు వేసి ఆగింది. లోపల అమ్మ చదువుతోంది. ఆవిడది మా మతం కాదు, ఆ భాష కూడా తెలియదు. అయినా మెల్లగా గచ్చు మీద కూర్చుంది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. రేవులో నోరు మూయించలేని మనుషులు. గదిలో చేపల వాసనా, ఆ సన్నటి చదువూ తప్ప ఏమీ లేవు. చాలాసేపటికి ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"మేమొచ్చామని చెప్పకు," అని నా చెవిలో అంది. గడప దాటేదాకా ఎవరూ చెప్పులు వేసుకోలేదు.

తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే ముద్ద నేనే లోపలికి తీసుకెళ్ళేదాన్ని. అది ఒక్కటే అమ్మతో రెండు మాటలు మాట్లాడే వేళ. ఒకరోజు ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. రాత్రంతా పడుకున్నట్టు లేదు.

"ఖురాన్ దిగివచ్చిన ఆ ఘనమైన రాత్రి ఈ పదింటిలో ఏదో ఒకటే కదమ్మా. బేసి రాత్రుల్లో మేలుకుంటే చాలంటారు. ఒంట్లో బాలేని మనిషివి, అన్ని రాత్రులూ ఎందుకు?"

అమ్మ గంజి గుటక వేసి, అది దిగేదాకా ఆగింది. దిగడానికి టైం పడుతోంది.

"పడవ ఎప్పుడొస్తుందో చెప్పి వస్తుందా?" అంది. మాట గాలిలా ఉంది. "వచ్చినప్పుడు మనం రేవులో ఉండాలి. అంతే."

ఆమె మొహం చూశాను. కిటికీలోంచి ఇంకా వెలుగు రాలేదు. చిన్న దీపం తప్ప ఏమీ లేదు. కానీ ఆ మొహంలో నేనెన్నడూ చూడని నెమ్మది ఉంది. నా కన్నతల్లి దగ్గర నాకు మొదటిసారి బెరుకనిపించింది. గిన్నె తీసుకుని, వెనక్కి అడుగులు వేస్తూ బయటికొచ్చాను.

ఆ రోజే ఉపవాసం విడిచాక అమ్మ లోపల్నుంచి "అత్తయ్యా, మాత్ర..." అంది. దుప్పటి పక్కనే కూర్చున్న నాన్నమ్మ తలెత్తింది. "ఏంటీ?" అంది. అమ్మ మళ్ళీ అంది. "ఏంటే? గట్టిగా చెప్పు." మూడోసారి అమ్మ అనలేదు. నాన్నమ్మ కాసేపు దుప్పటి వైపే చూసి, లేచి, తనంతట తానే వెళ్ళి మాత్ర వేసుకుంది. నేను చూస్తున్నానని చూసి, "వేసుకున్నానని చెప్పు దానికి," అంది.

ఇంకో రెండు రోజుల్లో నెల అయిపోతుందనగా, షాపులో పని తొందరగా ముగించుకుని ఇంటికొచ్చాను. అమ్మకి తెలియకుండానైనా సరే, ఆ గొంతుని ఫోన్లో పట్టుకోవాలని వచ్చాను. సాయంత్రం ఎండ కిటికీలోంచి దుప్పటి మీద పడుతోంది. అవతల అమ్మ నీడ, చేతులు ముందుకు చాచి ఉంది. నేను చప్పుడు కాకుండా నేల మీద కూర్చుని, దుప్పటి అంచు దగ్గర ఫోన్ పెట్టి, రికార్డు నొక్కాను.

అమ్మ ఖురాన్ చదవడం లేదు. మా మాటల్లో మాట్లాడుతోంది.

"...నువ్విచ్చావు, నేను వాడుకున్నా. చేపలమ్మాను, పిల్లని పెంచాను. దాంతోనే ఎంతమందిని తిట్టానో నీకు తెలుసు. నా నోటి దెబ్బ తిన్నవాళ్ళ మనసుల్లోంచి అది తుడిచెయ్యి. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నావు. తీసుకో, నీ వస్తువే. నాకు బెంగ లేదు..." ఊపిరి కోసం ఆగింది. "ఒక్కటే అడుగుతా. ఆ ముసలావిడకి నా మాట తప్ప ఏమీ వినపడదు. ఇక ఇల్లంతా ఆవిడకి చీకటి గదిలా అయిపోతుంది. అందులో ఆవిడని ఒంటరిగా వదలకు. నేను లేని చోట నువ్వు మాట్లాడు ఆవిడతో. గట్టిగా మాట్లాడు. ఆవిడకి మెల్లగా చెప్తే వినపడదు."

నేను ఫోన్ ఆపేశాను. రికార్డైనంత వరకూ చెరిపేశాను. అవి నాకు చెప్పిన మాటలు కావు. నా దగ్గర ఉండాల్సినవి కావు. తల ఎత్తితే వాకిట్లో నాన్న నిలబడి ఉన్నాడు. లారీ తాళాలు గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా. ఆయన కూడా విన్నాడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకోకుండా చెరో గదిలోకి పోయాం.

మర్నాడు మధ్యాహ్నం నేను షాపుకి వెళ్ళలేదు. నాన్నమ్మ పెరట్లో ఎండలో కూర్చుని ఉంది. ఉన్నట్టుండి లేచింది. తిన్నగా మధ్య గదిలోకి వచ్చి, దుప్పటి పక్కకి జరిపి, లోపలికి వెళ్ళింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పినా వినపడే మనిషి కాదు.

అమ్మ చదువుతూ ఉంది. అలికిడికి ఆగి తలెత్తింది. నాన్నమ్మ ఆమె వెనక చాప మీద చతికిలబడి, ముడతలు పడ్డ అరచేతిని తీసి అమ్మ వీపు మీద, రెండు భుజాల మధ్య ఆనించింది.

"చదువు," అంది.

అమ్మ కదల్లేదు.

"చదవమంటుంటే!"

అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. గుమ్మం దగ్గరున్న నాకే సగం వినపడుతోంది. నాన్నమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె అరచెయ్యి అమ్మ ఊపిరితో పాటు కొంచెం పైకి, కొంచెం కిందికి కదులుతోంది. కాసేపటికి ఆమె తల కూడా ఆ చదువు ఆగే చోట ఆగుతూ, సాగే చోట సాగుతూ ఊగడం మొదలైంది. ఎక్కడా తప్పలేదు. నేను నిలబడ్డ చోటే కూర్చుండిపోయాను.

పేజీ తిప్పడానికి అమ్మ ఆగింది.

"ఆపకే," అంది నాన్నమ్మ కళ్ళు తెరవకుండా. "వినపడుతోంది."

నెలవంక కనపడిందని వీధిలో కేకలు వినిపించగానే అమ్మ దుప్పటి తీసి బయటికొచ్చింది. ముగ్గురం వరుసగా నిలబడి ఉన్నాం, ఏదో పెద్దమనిషి వస్తున్నట్టు. అమ్మ మమ్మల్ని చూసింది. తర్వాత వంటింట్లోకి తొంగి చూసింది. మాడిన గిన్నెలు, పొయ్యి మీద పొంగిన మరకలు, తలకిందులైన డబ్బాలు.

"పది రోజులు లేకపోతే ఇల్లు ఇలాగేనా చేసేది?" అంది, ఆ గాలి గొంతుతోనే. నాన్న నవ్వబోయి, గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం బాహాటంగానే ఏడ్చాను. అమ్మ ఏమందో నాన్నమ్మకి వినపడకపోయినా, అర్థమైంది. "దాని ఇల్లు, అదే తోముకుంటుందిలే," అంది.

ఆస్పత్రికి వెళ్ళిన పొద్దున, ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు అమ్మ మంచాన్ని ఆపింది. చెప్పుకోవాల్సినవి ఉంటే చెప్పుకోండి అంది. నాన్న వంగాడు. నేనూ దగ్గరికి జరిగాను.

"వెనక తలుపు గడియ పెట్టారా?" అంది అమ్మ.

"పెట్టాను," అన్నాడు నాన్న.

అమ్మ సరేనన్నట్టు తలూపింది. మంచం లోపలికి వెళ్ళిపోయింది.

కొన్ని వారాల తర్వాత ఇంటికి తీసుకొచ్చాం. మెడకి అడ్డంగా పల్చటి గుడ్డ. దాని వెనకనుంచి ఊపిరి వస్తూ పోతూ ఉండేది. అమ్మ సైగలు చేసేది, మేం తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళం, ఆమె విసుక్కుని పెదవులు కదిపేది. పెదవులు చదవడం నాకు ఇంకా చేతకాలేదు. ఒక పూట చాప మీద కూర్చుని నాన్న వైపు చూసి, నమాజు చేయించమని సైగ చేసింది. మూడో పూట నమాజు, అసర్ వేళ. ఎండ వాలుతోంది.

నాన్న ముందు నిలబడ్డాడు. వెనక మేం ముగ్గురం, నాన్నమ్మ, అమ్మ, అమ్మకి ఎడమ పక్కన నేను. నాకు లోపల గుబులుగా ఉంది. అంత చదువు చదివిన మనిషి మూగగా ఎలా నిలబడుతుందా అని.

నాన్న అల్లాహు అక్బర్ అని చేతులు కట్టుకున్నాడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

అప్పుడు తట్టింది నాకు. ఈ పూట నమాజులో ఎవరూ పైకి చదవరు. ముందు నిలబడ్డవాడు కూడా పెదవుల్లోనే చదువుకుంటాడు. ఎప్పుడూ ఇంతే. ఎక్కడ నిలబడ్డా ఇంతే. వీధి చివర మసీదులో వరసలు వరసలుగా నిలబడ్డవాళ్ళంతా ఈ క్షణంలో మా అమ్మలాగే గొంతు లేకుండా నిలబడి ఉన్నారు. గుడ్డ వెనక ఆమె ఊపిరి తప్ప గదిలో ఇంకేమీ లేదు. అది ఆగుతోంది, సాగుతోంది. ఆమె చదువుతోందని నాకు తెలిసింది.

వంగాం, లేచాం, నుదురు నేలకి ఆనించాం, కూర్చున్నాం. చివర్న నాన్న కుడివైపు తిరిగి, తర్వాత ఎడమవైపు తిరిగి సలాం చెప్పాడు. నేను ఎక్కడో ఉండిపోయాను. ఆలస్యంగా కుడివైపు తిరిగేసరికి, అమ్మ అప్పుడే ఎడమవైపు తిరిగింది. ఇద్దరి మొహాలూ ఎదురుపడ్డాయి.

ఆమె పెదవులు మెల్లగా కదిలాయి. అదే సలాం, మీకు శాంతి కలగాలి అని.

ఆపరేషన్ తర్వాత మా అమ్మ నుంచి నాకు అందిన మొదటి మాట అది. ఒక్క అక్షరం కూడా పోకుండా విన్నాను.